రోడ్డు పక్క ఇల్లు, పాప దగ్గు, 18 వేల మిషను

ప్రశ్న: అక్కా, మాది హైదరాబాద్‌లో మూసాపేట. మెయిన్ రోడ్డు మీదికే రెండో అంతస్తు ఫ్లాట్, అద్దెకుంటున్నాం. కిందే బస్టాపు. పాపకి ఏడేళ్లు. దీపావళి తర్వాత మొదలైన దగ్గు సంక్రాంతి వెళ్లినా తగ్గలేదు, రాత్రిళ్లు పిల్లికూతలు. డాక్టరు ఇన్‌హేలర్ రాశారు. అలవాటైపోతుందని మా అత్తయ్య వద్దంటున్నారు, రోజూ బెల్లం ముక్క పెడుతున్నారు. పాపని స్కూటీ మీద నేనే స్కూల్లో దింపుతాను, రెండు కిలోమీటర్లు. మా ఆయన బైకు మీద లక్డీకాపూల్ వెళ్తారు. ఆయనేమో ఫోన్‌లో గాలి నాణ్యత అంకె (ఏక్యూఐ) చూపించి "ఇవాళ 78, సంతృప్తికరం అని ఉంది, నీదంతా అనవసరపు టెన్షన్" అంటారు. ఎయిర్ ప్యూరిఫయర్ 18 వేలట, కొనమంటారా? ఇల్లు మారిపోమంటారా? అయినా ఊరంతా పొగే కదా, మనమొక్కళ్లం ఏం చేయగలం? సాయంత్రం పాపని మేడ మీద ఆడుకోనివ్వొచ్చా, అది కూడా చెప్పండి.

జవాబు:

చెల్లెమ్మా, 18 వేలు బీరువాలోనే ఉంచి ముందు రెండు తడిగుడ్డలు తీసుకోండి. ఒకదానితో రోడ్డు వైపు కిటికీ ఊచలు తుడవండి. రెండోదానితో వెనక వంటింటి వైపు గ్రిల్ తుడవండి. ఎర్రగడ్డలో రోడ్డు మీది ఇంట్లో ఆరేళ్లు కాపురం చేసినదాన్ని కాబట్టి మీకేం కనిపిస్తుందో ఇక్కడినుంచే చెప్తాను. వెనక గుడ్డకి మట్టిరంగు దుమ్ము అంటుతుంది, నీళ్లలో జాడిస్తే పోతుంది. ముందు గుడ్డకి అంటేది కాటుకలా నల్లగా ఉంటుంది, వేళ్లకి జిడ్డుగా తగులుతుంది, సబ్బు పెట్టి రుద్దినా ఒక పట్టాన వదలదు. డీజిల్ మసి, టైర్లు అరిగిన పొడి, బ్రేకులు అరిగిన పొడి, అన్నీ కలిసిన నలుపు అది. ఒకటే ఇల్లు, రెండు గోడల మధ్య ముప్పై అడుగులుంటే ఎక్కువ, మురికి మాత్రం రెండు రకాలు.

ఇది ఎందుకు చెప్పానంటే, "ఊరంతా పొగే" అని మీరన్నది సగమే నిజం. ఊరంతటికీ ఉండే పొగ ఒకటి, బండి గొట్టం ముందు మాత్రమే ఉండే పొగ ఒకటి. మొదటిదాన్ని మీరూ నేనూ ఇవాళ తగ్గించలేం. రెండోది దూరం పెరిగేకొద్దీ గబగబా పలచబడిపోతుంది. అమెరికాలో హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక సంస్థ ఉంది, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ముందేసుకుని చూసి 2010లో రెండు మాటలు తేల్చి చెప్పింది. పెద్ద రోడ్డు పొగ ప్రభావం గట్టిగా ఉండేది ఆ రోడ్డుకి 300 నుంచి 500 మీటర్ల లోపల. ఉబ్బసం ఉన్న పిల్లలకి ట్రాఫిక్ పొగ వల్ల అది ముదురుతుంది అనడానికి తగినంత రుజువు ఉంది. కాబట్టి మీది అనవసరపు టెన్షన్ కాదు, మీవారికి ఈ పేరా చదివి వినిపించండి.

ఆయన చూపించే 78 సంగతి కూడా చెప్తాను. ఆ అంకె మీ బస్టాపుది కాదు. కాలుష్య నియంత్రణ మండలి ఊళ్లో అక్కడక్కడా మీటర్లు పెట్టింది, సనత్‌నగర్, జూపార్కు, సోమాజిగూడ, సెంట్రల్ యూనివర్సిటీ ఇలా. మీకు దగ్గరిది సనత్‌నగర్‌ది. అది కూడా గత 24 గంటల సగటు మీద లెక్కకట్టేది, అంటే తెల్లవారుజామున మూడింటి ఖాళీ రోడ్డు, పొద్దున తొమ్మిదింటి జామ్ అన్నీ కలిపేసి. పైగా ఆ "సంతృప్తికరం" అనే మాట మన దేశపు లెక్క ప్రకారం. 51 నుంచి 100 దాకా వస్తే ఆ మాట వేస్తారు. పీఎం 2.5 అనే సన్న ధూళి వల్లే ఆ 78 వచ్చిందనుకుంటే, గాలిలో ఘనపు మీటరుకి సుమారు 47 మైక్రోగ్రాములు ఉన్నట్టు. మన దేశం పెట్టుకున్న రోజువారీ హద్దు 60 కాబట్టి పాస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దించి పెట్టిన హద్దు 15, దాని ప్రకారం మూడింతలు. ఒకే పేపరుకి ఇద్దరు మాష్టార్లు వేసిన మార్కులు, దగ్గుతున్న పిల్ల ఇంట్లో ఉన్నప్పుడు ఏ మాష్టారి మాట వినాలో మీరే చూసుకోండి.

ఇప్పుడు ఇన్‌హేలర్. నేను డాక్టర్ని కాను, మందు మార్చే పని నాది కాదు. కానీ ఈ "అలవాటైపోతుంది" అనే మాట మాత్రం అబద్ధం, దానివల్ల ఎన్ని ఇళ్లలో పిల్లలు రాత్రంతా కూర్చుని తెల్లారబెడుతున్నారో చూశాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను. సిరప్‌లో మందు కడుపులోకి వెళ్లి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకి చేరాలి. ఇన్‌హేలర్‌లో తిన్నగా అక్కడికే పోతుంది కాబట్టి అతి తక్కువ మోతాదు చాలు. మీ డాక్టరుని అడగాల్సింది వేరే ఉంది. రాసింది ఆయాసం వచ్చినప్పుడు కొట్టేదా, రోజూ కొట్టాల్సిందా? రోజూ కొట్టాల్సినదాన్ని నాలుగు రోజులకి దగ్గు తగ్గిందని మానేస్తారు చాలామంది, మళ్లీ మొదటికొస్తుంది. ఏడేళ్ల పిల్లకి స్పేసర్, అంటే ఆ ప్లాస్టిక్ డబ్బా తగిలించి ఇవ్వాలి, లేకపోతే మందు సగం నోట్లోనే ఉండిపోతుంది. స్టెరాయిడ్ది అయితే కొట్టాక నోరు పుక్కిలించి ఉమ్మించండి.

బెల్లం గురించి అత్తయ్యగారితో గొడవ పెట్టుకోకండి. సిమెంటు పనికీ పత్తి మిల్లుకీ వెళ్లేవాళ్లు సాయంత్రం బెల్లం ముక్క నమిలేవారు, దుమ్ము కడిగేస్తుందని. మా నాన్న కూడా నమిలేవాడు. గొంతులో గరగర పోయి ఉండొచ్చు, కాదనను. కానీ బెల్లం పోయేది పొట్టలోకి, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి, ఆ రెండూ ఎక్కడా కలుసుకోవు. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే ఈ ధూళి 2.5 కన్నా తక్కువ, ముక్కులో వెంట్రుకలకి దొరకదు, దగ్గితే రాదు, గాలి తిత్తుల చివరిదాకా పోయి కూర్చుంటుంది. చిన్న ముక్క పెట్టనివ్వండి, ఇన్‌హేలర్ మాత్రం మీ చేతిలో ఉంచుకోండి.

అసలు విషయం స్కూటీ. పాపని ఎక్కడ నిలబెడతారో మీరు రాయలేదు, కానీ నాకు తెలుసు. ముందు, ఫుట్‌బోర్డు మీద, హ్యాండిల్ పట్టుకుని. మనమందరం అలాగే తీసుకెళ్లాం. ఒకసారి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పాప మొహం ఏ ఎత్తులో ఉందో చూడండి. ముందు ఆగిన సిటీ బస్సు గొట్టం, పక్కన ఆటో గొట్టం, అన్నీ దాదాపు ఆ ఎత్తులోనే. పచ్చ లైటు పడగానే డ్రైవరు ఎక్సలేటర్ తొక్కుతాడు, ఒక్కసారిగా నల్లగా బుస్సుమంటుంది చూడండి, రోజు మొత్తంలో పాపకి అందే అన్నిటికన్నా చెడ్డ గాలి ఆ పది సెకన్లదే. పిల్లలు మనకన్నా వేగంగా ఊపిరి తీస్తారు, ఒంటి బరువుతో పోల్చి చూస్తే మనకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. (ముందు నిలబెట్టడం పొగ సంగతి అటుంచినా ప్రమాదమే, సడన్ బ్రేకు వేస్తే పిల్ల తల హ్యాండిల్‌కే కొట్టుకుంటుంది.) రేపటినుంచి వెనక కూర్చోబెట్టండి, ఇద్దరికీ హెల్మెట్.

దానికన్నా ముఖ్యం, దారి మార్చండి. మెయిన్ రోడ్డు మీద రెండు కిలోమీటర్లయితే కాలనీ సందుల్లోంచి రెండున్నర అవుతుందేమో, స్పీడు బ్రేకర్లుంటాయి, కుక్కలుంటాయి, ఎవరో ఒకరు పెళ్లి షామియానా వేసి దారి మూసేసి ఉంటారు, అన్నీ ఒప్పుకుంటాను. అయినా అటే వెళ్లండి. రోడ్డుకి రెండు మూడు సందులు లోపలికి వెళ్లేసరికే గాలి తేడా మీ ముక్కుకే తెలుస్తుంది. బయల్దేరడం కూడా ఓ పావుగంట ముందుకి జరపండి, స్కూలు బస్సులన్నీ ఒకేసారి రోడ్డెక్కే వేళ తప్పుతుంది. తప్పక సిగ్నల్ దగ్గర ఆగాల్సి వస్తే సందు దొరికింది కదా అని బస్సు వెనక్కి దూరిపోకండి, రెండు బండ్ల దూరం వదలండి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి.

చున్నీ కట్టుకుంటే ఎండా దుమ్మూ ఆగుతాయి, ఈ సన్న ధూళి ఆగదు. చేతిరుమాలు కూడా అంతే. ఎన్95 మాస్కు ఆపుతుంది, మొహానికి అతుక్కుని ఉంటేనే, గడ్డం పెంచినవాళ్లకి అతుక్కోదు. గ్యాసుల్ని ఆపదు. మీవారికి అది పనికొస్తుంది. పాపకి పిల్లల సైజుది సరిగ్గా కుదరడం కష్టం, పైగా ఆయాసం ఉన్న పిల్లకి బిగుతు మాస్కు పెట్టేముందు డాక్టర్ని అడగండి. నేనైతే మాస్కు కంటే దారి మార్చడమే చేస్తాను.

మీవారి విషయానికొస్తే నాకు కాస్త కోపమే వచ్చింది. మూసాపేటలో మెట్రో ఎక్కితే భరత్‌నగర్, ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్ మీదుగా తిన్నగా లక్డీకాపూల్‌లో దిగొచ్చు. రైలు మారే పని కూడా లేదు. హైదరాబాద్‌లో ఆఫీసుకి ఇంత తిన్నని దారి ఎంతమందికి ఉంటుంది! స్టేషన్ నుంచి ఆఫీసుకి నడవాలి అంటారు, ఎండ అంటారు, మధ్యాహ్నం బయటికెళ్లాలంటే బండి ఉండాలి అంటారు. వారానికి మూడు రోజులు వెళ్లమనండి చాలు. పంజాగుట్ట దగ్గర బైకు మీద కాళ్లు కిందపెట్టుకుని జరుగుతూ వెళ్లే ఆ పొగ ఆయనకీ తప్పుతుంది, ఆ మూడు రోజులూ ఒక బండి పొగ మీ ఊరికీ తప్పుతుంది.

ఇంట్లో చేయాల్సింది తక్కువే. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా రోడ్డు వైపు కిటికీలు మూసేయండి, వెనకవి తెరవండి. పాప పడుకునే గది రోడ్డు వైపు ఉంటే మార్చేయండి, వెనక గది చిన్నదైనా సరే, డబుల్ కాట్ పట్టకపోతే కింద పరుపేయండి. చీపురుతో ఊడ్చడం కన్నా తడిగుడ్డ పెట్టడం నయం, ఊడిస్తే కిందున్నది గాల్లోకి లేస్తుంది. ఇంకొకటి, చాలా ఇళ్లలో చూస్తాను, బయట పొగ అని తలుపులన్నీ బిగించి లోపల దోమల కాయిల్ వెలిగిస్తారు. ఆ కాయిల్ పొగా ఇదే సన్న ధూళి, మూసిన గదిలో మరీ ఎక్కువ. దోమతెర కట్టండి. అగరుబత్తి దేవుడి గదిలో ఒకటి చాలు, ధూపం పాప ఉన్న గదుల్లో తిప్పకండి. మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు కళ్లకి బాగుంటాయి, ఉంచుకోండి, నాలుగు కుండీలు రోడ్డు పొగని పీల్చేస్తాయని మాత్రం అనుకోకండి.

ఇవన్నీ చేశాక కూడా రాత్రి దగ్గు వస్తుంటే అప్పుడు ప్యూరిఫయర్. హాలుకి కాదు, పాప పడుకునే గదికి. పది బై పన్నెండు గది, పదడుగుల ఎత్తు అంటే సుమారు 34 ఘనపు మీటర్లు. గంటకి అయిదుసార్లు ఆ గాలంతా వడపోయాలంటే 170 కావాలి, కాబట్టి డబ్బా మీద సీఏడీఆర్ అని రాసి ఉండే అంకె, అంటే మిషన్ ఎంత గాలిని శుభ్రం చేస్తుందో చెప్పేది, గంటకి 170, 200 ఘనపు మీటర్లు ఉంటే సరిపోతుంది. అంతకు మించి డబ్బు పెట్టనక్కర్లేదు. లోపల సన్న ధూళిని పట్టే హెపా ఫిల్టర్ ఉందా, ఫిల్టర్ మార్చడానికి ఏడాదికి ఎంతవుతుంది, ఈ రెండూ అడగండి. షాపువాడు అయొనైజర్ అని ఊదరగొడితే అక్కర్లేదనండి, కొన్ని రకాలు ఓజోన్ వదులుతాయి, అది ఉబ్బసానికి మంచిది కాదు. కిటికీ తెరిచి ఉంచి మిషన్ వేస్తే కరెంటు దండగ. మసి వరకు పట్టుకుంటుంది గానీ నైట్రోజన్ డయాక్సైడ్ లాంటి బండి గ్యాసుల్ని హెపా పట్టదు.

ఇల్లు మారడమా? మారండి, కానీ దూరం పోకండి. గాలి బాగుంటుందని కొంపల్లి అవతలికో ఘట్‌కేసర్ వైపుకో వెళ్లినవాళ్లని చూశాను. ఇంటి దగ్గర గాలి బాగానే ఉంటుంది, కానీ ఇంట్లో ఉండేదెప్పుడు? రోజుకి మూడు గంటలు రోడ్డు మీదే. పిల్ల స్కూలు బస్సులో గంటంపావు. అదే మూసాపేటలో, అదే స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే దూరంలో, మెయిన్ రోడ్డుకి నాలుగైదు సందులు లోపలికి చూడండి. అద్దె కూడా ఒక్కోసారి తక్కువే ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ ఓనర్లకి "రోడ్ ఫేసింగ్" అంటే గొప్ప. అగ్రిమెంటు గడువు ముగిసేదాకా ఆగండి, అడ్వాన్సు పోగొట్టుకుని పరిగెత్తేంత అర్జంటు కాదు.

మనమొక్కళ్లం ఏం చేయగలం అన్నారు. స్కూలు గేటు దగ్గర చేయొచ్చు. మా మనవరాలి స్కూలు దగ్గర ఓ మధ్యాహ్నం నిలబడి లెక్కపెట్టాను, గేటు ముందు పదకొండు కార్లు ఆగి ఉన్నాయి, ఏడింటికి ఇంజన్ ఆన్‌లో ఉంది, లోపల ఏసీ. బెల్లు కొట్టగానే పిల్లలంతా ఆ గొట్టాల మధ్యలోంచే నడుచుకుంటూ బయటికొచ్చారు. ఒకాయన కిటికీ మీద తట్టి అడిగాను, పాపం ఆయన విసుక్కోలేదు, "ఎండగా ఉందని ఆంటీ" అన్నాడు, ఆపేశాడు. మర్నాడు మళ్లీ ఆన్‌లోనే ఉంది. అందుకే ఒక్కొక్కళ్లకి చెప్తే లాభం లేదు, స్కూలువాళ్ల చేత చెప్పించాలి. పేరెంట్స్ మీటింగ్‌లో నలుగురు తల్లులు కలిసి రెండే అడగండి, గేటు ముందు ఇంజన్ ఆపాలి, కార్లు గేటుకి వంద మీటర్ల అవతల ఆగాలి. పైసా ఖర్చులేని పని కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. సిగ్నల్ దగ్గర మీ స్కూటీకీ ఇదే వర్తిస్తుంది, పది సెకన్లు దాటి ఆగాల్సి ఉంటే ఇంజన్ ఆపేయండి. మళ్లీ స్టార్ట్ చేస్తే పెట్రోలు ఎక్కువ తాగుతుందన్నది కార్బ్యురేటర్ బళ్ల కాలం నాటి మాట.

బండి పొగ రంగు కూడా చూడండి. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, రింగులు అరిగాయి. నల్లగా వస్తే పెట్రోలు సరిగ్గా మండట్లేదు, చాలాసార్లు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, మెకానిక్ దగ్గర చిన్న పనే. బంకు దగ్గర వ్యానులో పొల్యూషన్ సర్టిఫికెట్ ఇస్తారు, అది లేకపోతే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత చలానా 10 వేల దాకా పడొచ్చు. దానికోసమని గొట్టంలో పుల్ల పెట్టకుండానే కాగితం ఇచ్చేవాళ్లూ ఉన్నారు, అలాంటి చోట తీసుకోకండి, మీ పాప పీల్చేది కాగితం కాదు. మీవారి బైకు 2020 ఏప్రిల్‌కి ముందుదా? ఆ నెల నుంచి దేశమంతా బీఎస్-6, అంటే బండి పొగకి ఇంకా కఠినమైన హద్దులు వచ్చాయి, పెట్రోలు, డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 50 ఉండేది 10కి దించారు. పాత బండి మార్చే ఆలోచన ఎలాగూ ఉంటే ఎలక్ట్రిక్ చూడండి, తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 చివరిదాకా రోడ్ టాక్స్ లేదు. టైరు పొడి దానికీ ఉంటుంది, గొట్టం మాత్రం ఉండదు, సిగ్నల్ దగ్గర వెనక నిలబడ్డ పిల్లకి తేడా అదే.

ఇక ఊరు చేయాల్సింది. ఢిల్లీలో బస్సులన్నిటినీ సీఎన్‌జీకి మార్చాలని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది, అందరూ అయ్యేపని కాదన్నారు, 2002 చివరికల్లా మారిపోయాయి. ఢిల్లీ గాలి ఇప్పటికీ బాగాలేదు, ఆ తర్వాత కార్లు అన్ని పెరిగాయి మరి, కానీ బస్సు వెనక నల్లపొగ మాత్రం పోయింది. గట్టిగా పట్టుకుంటే జరుగుతుంది. మనవాళ్లకి ఫ్లైఓవర్ కడితే సరిపోతుందని నమ్మకం, కట్టిన రెండేళ్లకి దానిమీదా జామే. నన్నడిగితే ఆ డబ్బుతో సగం బస్సులకీ, సగం నడిచేవాళ్ల ఫుట్‌పాత్‌లకీ పెట్టమంటాను, నన్నెవరూ అడగరు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకి బస్సు ఉచితం చేశాక ఎంతమంది ఎక్కారో మీకు తెలుసు కదా, కింద బస్టాపే ఉందిగా. బస్సు ఎక్కడానికి జనం సిద్ధమే, చాలినన్ని బస్సులు లేవు. మీ కార్పొరేటరు ఈసారి ఓట్లకొచ్చినప్పుడు సీసీ రోడ్డు కాకుండా బస్సు అడగండి.

మేడ మీద ఆట సంగతి. ఆడుకోనివ్వండి, ఆడకపోతే పిల్ల ఎలా పెరుగుతుంది? కాకపోతే ఆరింటికి కాదు, స్కూలు నుంచి రాగానే నాలుగు, నాలుగున్నరకి, రోడ్డు వైపు పిట్టగోడ దగ్గర కాకుండా వెనక వైపు. లోపలి సందుల్లో పార్కు ఉంటే మేడ కన్నా అదే మేలు. ఈ చలి పోయేదాకా పొద్దున్నే మాత్రం వద్దు. డిసెంబరు, జనవరుల్లో నేల దగ్గర గాలి చల్లగా, దాని పైగాలి వెచ్చగా ఉండి గిన్నె మీద మూత పెట్టినట్టవుతుంది, రాత్రి లారీల పొగంతా మూత కిందే ఉండిపోతుంది. ఎండ బాగా వచ్చి మంచు విడిపోయాక, ఆదివారమైతే తొమ్మిదీ తొమ్మిదిన్నరకి పంపండి. ఇన్‌హేలర్ జేబులో పెట్టి పంపండి.